వేడి బండి చేతికివ్వకూడదు

మా మామయ్యకు మతి తప్పుతోందని ఆ ఎండాకాలం మా ఇంట్లో తేల్చేశారు. ఇల్లంటే ఎంతమందిమని? నలుగురం. ఎవరి గురించి తేలుస్తున్నారో ఆ మనిషిని పక్కన పెడితే ముగ్గురం. మా ఆయన తేల్చాడు, అత్తయ్య కళ్ళొత్తుకుంటూ తలూపింది, నేను మాత్రం ఊపలేదు. అందుకు నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే "అలాగా, చూపించండి" అనే నోరు నాది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి చేసి ఆ నోరు ఇంకాస్త పెరిగింది.

గొడవంతా కారుతో మొదలైంది. మామయ్య సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన ఏడాదే ఒక పాత కారు కొన్నారు. అప్పటికే అది రెండు మూడు చేతులు మారిన బండి. రోజూ పొద్దున్నే పేపరు ముట్టుకోకముందే కిందికి దిగి దాని ముఖం తుడిచి వచ్చేవారు. "ఇంట్లో ఇంకో ముఖం కూడా ఉంది, దానివైపు చూసి ఎన్నాళ్ళయిందో" అని అత్తయ్య సణిగేది.

ఆ ఏడు అత్తయ్యకు మోకాలి ఆపరేషనైంది. వారానికి మూడుసార్లు ఊరి అవతలి కొసన ఉన్న క్లినిక్కుకు తీసుకెళ్ళి కాలికి వ్యాయామం చేయించాలి. వాళ్ళిచ్చిన టైము మిట్టమధ్యాహ్నం. నాకూ మా ఆయనకూ ఉద్యోగాలు, కాబట్టి ఆ పని మామయ్య మీద పడింది. పడింది అనకూడదులెండి, ఎగిరి అందుకున్నారు. అత్తయ్య వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చునేది, మామయ్య నడిపేవారు, ఇద్దరూ దారి పొడుగునా పోట్లాడుకుంటూ వెళ్ళి, పోట్లాడుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. ఇద్దరికీ ఆరోగ్యం బాగుందని నాకు అలా తెలిసేది.

ఎండలు ముదిరాక ఒకరోజు ఇంట్లో ఆ పోట్లాట వినబడలేదు. నేను ల్యాబు నుంచి వచ్చేసరికి మామయ్య బాల్కనీలో, అత్తయ్య మంచం మీద.

"ఏమైంది?" అన్నాను.

"పెద్ద సిగ్నలు దగ్గర ఆగిపోయింది అమ్మాయ్. ఉన్నట్టుండి గప్‌చుప్! వెనకాల ఒకటే హారన్లు. ఒకడైతే దిగొచ్చి అద్దం మీద కొట్టి, ఈ వయసులో మీకెందుకండీ స్టీరింగు అన్నాడు. మీ మామయ్య నోట్లోంచి ఒక్క మాటొస్తే ఒట్టు."

"ఏం చెయ్యమంటావే? దిగి వాడితో కుస్తీ పట్టమంటావా?" అని బాల్కనీలోంచి మామయ్య గొంతు.

అరగంట తర్వాత దానంతటదే స్టార్టయిందట. ఏమీ ఎరగనట్టు ఇంటిదాకా వచ్చేసిందట.

అది మొదలు. ఆ తర్వాత కారు తనిష్టం వచ్చినప్పుడు ఆగేది. ఒకరోజు వంతెన మీద, ఒకరోజు క్లినిక్కు గేటు ముందు. ఒక్కోసారి వారమంతా బుద్ధిగా ఉండేది. మామయ్య దాన్ని మెకానిక్కు షెడ్డుకు తీసుకెళ్ళేవారు. ఆయన ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. మార్చినప్పుడల్లా నాలుగు రోజులు బాగుండేది, మేం హమ్మయ్య అనుకునేవాళ్ళం, మళ్ళీ ఎక్కడో నడిరోడ్డు మీద మొండికేసేది.

చివరికి ఒకరోజు మెకానిక్కు మా ఆయనకు ఫోను చేశాడు. ఆయన స్పీకరులో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"అన్నా, చెప్పకూడదు గానీ, బండి నా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. పావుగంట ఆన్‌లో పెట్టి చూస్తున్నా, గడియారంలా తిరుగుతోంది. క్లచ్చు తొక్కకుండా బ్రేకు తొక్కితే ఏ బండైనా ఆగుతుంది. నడిపేవాళ్ళను ఒకసారి చూసుకోండి."

మా ఆయన ముఖం పాలిపోయింది. ఎందుకు పాలిపోయిందో నాకు తెలుసు. మామయ్య అన్నగారికి, అంటే మా పెద్దమామయ్యకు, ఇలాగే మొదలైంది. ఆయన టైలరు. ఎవరిదో చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టారు. అందరం నవ్వాం, ఆయనా నవ్వారు. తర్వాత తన దుకాణానికి దారి మరిచిపోయారు. ఆ తర్వాత పిల్లల పేర్లు. చివరి రోజుల్లో మామయ్యను చూసి "మీరు ఎవరి తాలూకండీ?" అని మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే మామయ్య ఆసుపత్రి వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చారు.

మా ఆయన ఊరికే భయపడే మనిషి కాదు, పరీక్ష కూడా పెట్టాడు. రెండు ఆదివారాలు పొద్దున్నే కారు తీసి మార్కెట్టు దాకా వెళ్ళొచ్చాడు. ఒక్కసారీ ఆగలేదు. "నేను నడిపితే ఆగదు, మెకానిక్కు దగ్గర ఆగదు, నాన్న నడిపితేనే ఆగుతుంది. ఇంకేం చెప్పమంటావు?" అని నన్నడిగాడు. నిజమే, నేనేం చెప్పను? అనుమానం వేరు, రుజువు వేరు. మా ల్యాబులో అనుమానానికి రిపోర్టివ్వరు.

ఆ సాయంత్రం హాల్లో అందరం ఉండగా మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, కొన్నాళ్ళు కారు పక్కన పెడదాం. అమ్మను టాక్సీలో తీసుకెళ్ళండి. నాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది, వచ్చే వారం ఒకసారి కలుద్దాం. ఊరికే, జనరల్‌గా."

"దేనికి డాక్టరు?" అన్నారు మామయ్య.

"ఊరికే నాన్నా. మతిమరుపూ అవీ చూస్తుంది."

మామయ్య ఇంత ఎత్తున లేస్తారనుకున్నాను. నలభై మంది తోసుకునే బస్సులో ఫుట్‌బోర్డు మీదివాళ్ళను ఒక్క కేకతో లోపలికి పంపిన మనిషి ఆయన. జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు. పెట్టి, "సరేరా" అన్నారు. అంతే.

పడకగదిలోకి వచ్చాక మా ఆయన "ఒప్పుకున్నారు చూశావా, నయం" అన్నాడు.

"ఒప్పుకోలేదు, భయపడ్డారు. రెండింటికీ తేడా తెలీదా మీకు?"

"నాకు మాత్రం భయం లేదనుకుంటున్నావా? అమ్మ వెనక కూర్చుని ఉంటుంది. లారీ వచ్చి గుద్దితే?"

అదీ నిజమే కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది.

టాక్సీలు మొదలయ్యాయి. చిన్న కార్లు కావడంతో అత్తయ్య కాలు చాపడానికి వీలుండేది కాదు. దిగేసరికి మోకాలు వాచేది. మామయ్య పక్కన సంచీ పట్టుకుని బిగుసుకుని కూర్చునేవారట. డ్రైవరు ఎంత అడ్డదిడ్డంగా నడిపినా నోరు మెదిపేవారు కాదట. "ఈయన పోట్లాడ్డం మానేశారే అమ్మాయ్" అని అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఏం తిట్టినా ఊఁ అంటున్నారు. నాకు ఏమీ తోచడం లేదు."

ఒక పొద్దున నేను ల్యాబుకు తయారవుతుంటే బాల్కనీలోంచి సన్నగా గొణుగుడు వినిపించింది. తొంగి చూశాను. మామయ్య ఆరిన తువాళ్ళు మడత పెడుతూ తనలో తాను ఏదో చదువుకుంటున్నారు.

"నీళ్ళ ట్యాంకు... పాత జైలు... పెద్దాసుపత్రి... ఆడపిల్లల స్కూలు... చెప్పుల బజారు... రైలు గేటు..."

తన పాత బస్సు స్టాపులు. వరస తప్పకుండా చెప్పుకుంటున్నారు. రైలు గేటు తర్వాత ఆగారు. తువాలు చేతిలో అలాగే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ మొదటికొచ్చి నీళ్ళ ట్యాంకు నుంచి అందుకున్నారు. ఈసారి గబగబా, పరిగెడుతున్నట్టు చెప్పారు. రైలు గేటు దగ్గర మళ్ళీ తడబడి, "ఆఁ, మంచు ఫ్యాక్టరీ!" అన్నారు గట్టిగా. అప్పుడు నన్ను చూశారు.

"ఏం లేదమ్మా, ఊరికే" అన్నారు.

ఆయన తనకు తానే పరీక్ష పెట్టుకుంటున్నారు. రోజూ పెట్టుకుంటున్నారు కాబోలు. బూట్లు విప్పేసి ల్యాబుకు ఫోను చేసి ఆ రోజుకు సెలవు పెట్టేశాను. లోపలికెళ్ళి మా ఆయన ముందు చెయ్యి చాపాను.

"తాళం ఇవ్వండి."

"దేనికి?"

"అత్తయ్యను ఇవాళ మన కారులోనే తీసుకెళ్తున్నాం."

"నీకు డ్రైవింగు రాదుగా?"

"మామయ్యకు వచ్చుగా. ఆయన నడుపుతారు. నేను పక్కన కూర్చుని ఆయన కాళ్ళు చూస్తాను."

"కాళ్ళా?"

"కాళ్ళే. ఆయన తప్పు తొక్కితే సాయంత్రం నేనే వచ్చి చెబుతాను, నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. తొక్కకపోతే మాత్రం మీరు నోరు మూసుకోవాలి."

ఆయన తాళం తీసి ఇచ్చాడు. "మెల్లగా వెళ్ళండి" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా కోపం సగం పోయింది.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. మామయ్య స్టీరింగు మీద చేతులు వేసిన తీరు చూస్తే కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా ఉంది. ప్రతి గేరూ పైకి చెప్పి మారుస్తున్నారు. "ఇప్పుడు రెండు. ఇప్పుడు మూడు. చూస్తున్నావా అమ్మా?" "చూస్తున్నా మామయ్యా." నేను నిజంగానే సూదిమొన చూసినట్టు చూస్తున్నాను. మెడ పట్టేసింది. క్లినిక్కులో అత్తయ్య వ్యాయామం అయ్యేదాకా కారు ఎండలో నిలబడింది. సీట్లు పెనంలా కాలాయి. తిరుగు ప్రయాణంలో వంతెన ఎక్కాం. ముందు లారీలు, మెల్లగా సాగుతున్నాం. మామయ్య కుడికాలు యాక్సిలరేటరు మీద ఉంది. ఎడమకాలు కింద, క్లచ్చుకు దూరంగా ఉంది. బండి రెండో గేరులో ఉంది.

ఇంజను చప్పుడు ఆగిపోయింది.

నేను తలెత్తాను. కారు ఇంకా దొర్లుతోంది. స్టీరింగు వెనక, ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపించే ముల్లు మాత్రం టపీమని సున్నా మీద పడిపోయింది. మామయ్య బండిని అంచుకు చేర్చి హ్యాండ్‌బ్రేకు లాగారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"మామయ్యా, మీరేం చెయ్యలేదు" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు.

"క్లచ్చు దగ్గరికి మీ కాలు పోనేలేదు. గేరులోనే ఉన్నారు, యాక్సిలరేటరు తొక్కే ఉన్నారు. తాళం ముట్టుకోలేదు. అదే ఆగింది."

"చూశావా?"

"చూశాను."

"సరిగ్గా చూశావా అమ్మా? నా మీద జాలితో చెప్పడం లేదు కదా?"

"నేను జాలిపడే రకమైతే మీ అబ్బాయి ఎప్పుడో బాగుపడేవాడు."

మామయ్య నవ్వబోయి ఆగిపోయారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. వెనక నుంచి అత్తయ్య "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదా, బండిలోనే ఉందని" అంది.

"నువ్వెప్పుడు చెప్పావే? తలకాయ ఊపావు!"

"నా మెడ, నా ఇష్టం!"

వాళ్ళు పోట్లాడుకుంటున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అరగంటకు బండి బుద్ధిగా స్టార్టయింది. నేరుగా షెడ్డుకు పోదామన్నాను. మామయ్య సరేనన్నారు. షెడ్డు బోర్డు కనిపిస్తుండగా, సందు మలుపులో ఒక ఎత్తు గోడ నీడన బండి ఆపేశారు. ఆపి, దిగి, బానెట్ ఎత్తి, కడ్డీ ఊతం పెట్టి, తువాలు పరుచుకుని అరుగు మీద కూర్చున్నారు.

నేను కంగారుగా దిగాను. "మళ్ళీ ఆగిందా?"

"లేదమ్మా, నేనే ఆపాను. చల్లారనీ."

"షెడ్డు అదిగో, కనిపిస్తోందిగా!"

"వేడి బండి మేస్త్రీ చేతికివ్వకూడదమ్మా" అన్నారు, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "నేను డిపోలో చేరిన కొత్తల్లో ఒక బండి తెచ్చి అప్పగించాను. మరిగిపోతోంది. మేస్త్రీ తొందరలో రేడియేటరు మూత తిప్పాడు. ముఖమంతా, ఇదిగో ఇక్కడిదాకా, బొబ్బలెక్కిపోయింది. ఆ రోజు నుంచి చల్లారకుండా ఏ బండీ ఎవరికీ ఇవ్వలేదు. డిపోలో అందరూ నన్ను చల్లడ్రైవరు అనేవాళ్ళు."

"ప్రతిసారీ ఇలాగే చేస్తున్నారా? ఈ మెకానిక్కు దగ్గర కూడా?"

"ప్రతిసారీ. ఒక టీ తాగి, నిదానంగా తీసుకెళ్తాను."

"ఆయనకు ఈ సంగతి తెలుసా?"

"దీన్లో తెలియడానికేముంది? మర్యాద కదా. చెప్పి చేస్తామా?"

నేను నెత్తి కొట్టుకున్నాను. కొట్టుకుని ఆ అరుగు మీదే కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. కారులోంచి అత్తయ్య "దీనికీ మతిపోయిందా ఏం ఖర్మ!" అంటోంది.

ల్యాబులో మాకు రోజూ ఇదే తగువు. చలిజ్వరం మనిషి వణికేటప్పుడు ఇంట్లో ముసుగు తన్ని పడుకుంటాడు. జ్వరం దిగాక తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపుతాడు. ఆ రక్తంలో పురుగు దొరకదు. మీ మిషన్లు మంచివి కావంటాడు. జ్వరం ఉండగా రండి బాబూ అని గోడ మీద రాసి కూడా పెట్టాం.

"మామయ్యా, మీరు దీన్ని జ్వరం పూర్తిగా తగ్గాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు" అన్నాను. "మీ అబ్బాయి పొద్దున్న చల్లపూట మార్కెట్టు దాకా నడిపాడు. అప్పటికి దీనికి ఒళ్ళే వెచ్చబడదు. ఎండలో ఊరంతా తిప్పేది మీరొక్కరే. అందుకే మీ దగ్గరే ఆగుతోంది."

మామయ్య లేచి వెళ్ళి బానెట్ దభీమని మూసేశారు.

మెకానిక్కు టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఎదురొచ్చాడు. "మళ్ళీ ఏంటండీ?" అన్నట్టు చూశాడు. నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. మర్యాద సంగతి చెప్పినప్పుడు ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. ముల్లు సంగతి చెప్పినప్పుడు దగ్గరికి వచ్చాడు.

"బండి గేరులో దొర్లుతుండగానే ముల్లు సున్నాకి పడిందా? మీరు చూశారా మేడమ్?"

"ఈ రెండు కళ్ళతో."

"అలా పడకూడదే!" అని బుర్ర గోక్కున్నాడు. "చక్రాలు తిరుగుతుంటే గేరులో ఇంజనూ తిరుగుతూనే ఉంటుంది. తిరుగుతున్నా ముల్లు పడిందంటే... పెద్దాయనా, ఎక్కండి. దీనికి మళ్ళీ జ్వరం తెప్పిద్దాం."

అత్తయ్యను షెడ్డులో ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో స్టూలు మీద కాలు పెట్టించాం. మామయ్యా మెకానిక్కూ ఇంజను త్వరగా కాగేలా ఏసీ ఆన్ చేసి ఎండలో సందులన్నీ తిరగడానికి బయల్దేరారు. తిరిగారు, తిరిగారు, ఎంతకూ ఆగదే! షెడ్డు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మామయ్య అద్దంలోంచి తల అడ్డంగా ఊపుతున్నారు. ముఖం మళ్ళీ వాడిపోతోంది. అత్తయ్య "ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగి చావు" అని కారుకు చేతులు జోడించింది.

తర్వాతి చుట్టులో కారు సరిగ్గా షెడ్డు గేట్లో కిక్కురుమనకుండా ఆగిపోయింది.

"ఆగింది! ఆగింది!" అని మామయ్య కేక పెట్టారు. మెకానిక్కు పక్క సీట్లోంచి దూకినట్టు దిగాడు. నేను చప్పట్లు కొట్టాను. కారు ఆగిపోయిందని అంత సంబరపడ్డ కుటుంబాన్ని ఆ వీధి అంతకుముందు చూసి ఉండదు. పక్క షెడ్డువాళ్ళు పని ఆపి మరీ చూశారు.

"చెయ్యి కాలుతుంది మేస్త్రీ, చూసుకో" అని మామయ్య వెనకాలే నిలబడ్డారు. మెకానిక్కు ఒక ప్లగ్గు తీసి చూశాడు, నిప్పురవ్వ రావడం లేదు. పెట్రోలు చూశాడు, వస్తోంది. మామయ్య భుజం మీది తువాలు లాక్కుని చన్నీళ్ళలో ముంచి, కారు కింద దూరి, ఇంజను పక్కన ఎక్కడో వేలెడంత ముక్క మీద దాన్ని నొక్కిపట్టాడు. కాసేపు అలాగే ఉన్నాడు. "ఇప్పుడు తిప్పండి పెద్దాయనా" అన్నాడు కింద నుంచి.

మామయ్య తాళం తిప్పారు. కారు ఒక్క తిప్పుకే అందుకుంది.

మెకానిక్కు ముఖమంతా మసితో బయటికొచ్చాడు. "సెన్సరండీ. ఇంజను తిరుగుతోందని లోపలి కంప్యూటరుకు చెప్పే ముక్క. అది చెప్పకపోతే కంప్యూటరు ఇంజను ఆగిందనుకుని నిప్పు కట్ చేస్తుంది, ముల్లునూ సున్నాకి దించేస్తుంది. ఏం లేదు పెద్దాయనా, వేడెక్కితే దీనికి మతిమరుపు. చల్లారితే అన్నీ గుర్తొస్తాయి."

ఆయనకేం తెలుసు పాపం, మా ఇంట్లో ఆ మాట ఎంత బరువో. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీనికా మతిమరుపు?" అన్నారు మామయ్య.

"దీనికే."

మామయ్య సీట్లోనే వెనక్కి వాలి నవ్వారు. మొదట మామూలుగానే నవ్వారు. తర్వాత నవ్వు ఆగలేదు, నీళ్ళు కారిపోతున్నాయి, చేత్తో తుడుచుకుంటూ, స్టీరింగు మీద కొడుతూ నవ్వుతున్నారు. ఆ నవ్వులో ఏడుపు ఎంతో నాకు తెలుస్తూనే ఉంది. మెకానిక్కుకూ ఏదో అర్థమైనట్టుంది, తల దించుకున్నాడు.

"మీ అబ్బాయితో ఫోన్లో ఒక మాట అన్నాను పెద్దాయనా..."

"అంటే అన్నావులే మేస్త్రీ. చల్లటి బండి చూసి ఎవరైనా అదే అంటారు. చల్లార్చి తెచ్చింది నేనే కదా."

కొత్త సెన్సరు ఆ సాయంత్రానికే తెప్పించి వేశాడు. పాతదాన్ని మామయ్య చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చెత్తడబ్బాలో పడేశారు. ఇంటికి వచ్చేటప్పుడు గేర్లు పైకి చెప్పలేదు. వంతెన మీద ఒక బస్సు అడ్డంగా దూరితే అద్దం దించి, "స్టాపు అటుంటే నువ్వు ఇటెక్కడికి నాయనా?" అని కేకేశారు. అత్తయ్య "మొదలెట్టారూ" అని వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాక నేను చెప్పాను. షెడ్డు, సెన్సరు, తువాలు, మర్యాద, అన్నీ చెప్పాను. ఆయన అంతా విని హాల్లోకి వెళ్ళాడు. మామయ్య పేపరు చదువుకుంటున్నారు.

"నాన్నా, ఆ డాక్టరు అపాయింట్‌మెంటు క్యాన్సిల్ చేసేస్తాను."

"ఎందుకురా? ఉంచు. ఇప్పుడు భయం లేదుగా, వెళ్ళొస్తాను."

తర్వాత వెళ్ళారు కూడా. ఆ డాక్టరమ్మ ఏవేవో అడిగి, మామయ్య చెప్పిన బస్సు కబుర్లు విని విని, ఈ వయసుకు ఈ బుర్ర చాలా నయమని చెప్పి పంపించింది. కానీ ఆ సాయంత్రం హాల్లో మాకు అదింకా తెలీదు. మా ఆయన తండ్రి ముందు నిలబడి ఏదో చెప్పబోయాడు. వెళ్ళి ఫ్యాను స్పీడు పెంచి వచ్చాడు. మా ఆయనకు అలాంటి మాటలు రావు. రావని నాకు పదేళ్ళుగా తెలుసు, మామయ్యకు అంతకన్నా ముందునుంచీ తెలుసు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు తయారై, బైకు తాళం మేకుకే వదిలేసి, మామయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"నాన్నా, నన్ను ఆఫీసు దగ్గర దింపుతారా?"

"బైకుకేమైంది?"

"ఏం కాలేదు. దింపుతారా?"

మామయ్య పేపరు మడిచి లేచారు. నేను బాల్కనీలోంచి చూశాను. మా ఆయన ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. కారు గేటు దాటి మలుపు తిరిగింది. నేను లోపలికొచ్చి అత్తయ్య కాలికి నూనె రాస్తూ కూర్చున్నాను. నిమిషాలు గడుస్తున్నాయి, మామయ్య రావడం లేదు. ఆఫీసు ఎంత దూరమని! అత్తయ్య మాటిమాటికీ వీధి వైపు చూస్తోంది. నాకు చేతిలో నూనె చల్లబడిపోయింది. మళ్ళీ ఎక్కడైనా ఆగిందా?

ఫోను మోగింది. మా ఆయన.

"ఏమైంది?" అని అరిచినంత పని చేశాను.

"ఏమీ కాలేదు. ఇప్పుడే దిగాను. మా మేనేజరు గుమ్మంలోనే నిలబడి గడియారం చూస్తున్నాడు. నాన్న నన్ను లేపలేదే!"

"లేపడమేంటి?"

"నిద్రపోయాను" అన్నాడు. సిగ్గుపడుతున్నట్టుంది గొంతు. "ఎక్కిన రెండు నిమిషాలకే. ఎలా పట్టిందో తెలీదు."

నాకు తెలుసు. ఆ ఎండాకాలమంతా ఆయన రాత్రిళ్ళు దొర్లుతూనే ఉన్నాడు. పక్కన పడుకునేది నేనే కదా.

కాసేపటికి మామయ్య వచ్చారు. తాళం మేకుకు తగిలించి, చెమట తుడుచుకుని మంచినీళ్ళు అడిగారు. అత్తయ్య ఇక ఆగలేకపోయింది. "ఇంతసేపా? ఎక్కడ ఊరేగుతున్నారు?"

"ఆఫీసుకు ఎప్పుడో చేరాం" అన్నారు మామయ్య. "చేరేసరికి వీడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. బండి ఆపితే లేస్తాడని ఆపకుండా ఆ చుట్టుపక్కలే తిప్పుతూ ఉన్నాను."